పుట్టినింటి నలుదిక్కులు

మా అత్తగారి పుట్టినిల్లు పెద్దమండ్యము. ఆ యూరు పూర్వపు చిత్తూరు జిల్లాలో, మదనపల్లెకు ఉత్తరముగా, గుట్టల నడుమ నున్నది. చుట్టును వేరుసెనగ చేలు, టమోటా తోటలు, చింతచెట్లు, ఏనుగులు పండుకొన్నట్లు పడియున్న బండలు. అత్తగారు 16వ యేట ఆ యిల్లు విడిచి కాపురమునకు వచ్చిరి. ఇప్పుడు వారికి 84 ఏండ్లు. బెంగుళూరిలో మూడవ అంతస్తున మాయింట నున్నారు. నిరుడు తుంటియెముక విరిగినది మొదలు కారులో గంటలకొలది కూర్చుండరాదని వైద్యులు కట్టడిచేసిరి.

గడచిన మార్గశిరమున వారి అన్నగారి మనుమడు ఫోను చేసి, పాత మట్టిమిద్దె వానకు కారుచున్నదనియు, సంక్రాంతి వెళ్లగనే దానిని పడగొట్టి డాబా కట్టింపదలచితిమనియు తెలిపెను. తప్పుపట్టదగిన మాట కాదు. పాములు దూరు కప్పుక్రింద పసిబిడ్డలను పెట్టుకొని వారెన్నాళ్లుందురు? అత్తగారును ‘మంచిపని నాయనా’ అనిరి. అని, ఆ దినమెల్ల మాటలాడలేదు.

మేము, అనగా ఈ యింటి కోడలును ఈ యింటి ఆడబిడ్డయు, ఆ మనుమని చేతనే ఇంటి ఫోటోలు ఫోనుతో తీయించి తెప్పించితిమి. ఇరువదియైదు ఫోటోలు. అత్తగారు కండ్లజోడు పెట్టుకొని ఒక్కొక్కటియే చూచిరి. ‘ఇది గోడ. ఇది వాకిలి. ఇది గవాక్షి. అంతయు ఉన్నది గాని ఇల్లెక్కడనే?’ అని అడిగిరి. మాకు మొదట అర్థము కాలేదు. పిమ్మట ఆలోచింపగా వారి మాట నిజమే. పడసాలలో నిలుచున్నవారికి ఎదుట గోడ యున్నట్లే వీపువెనుక వంటయిల్లుండును, నెత్తిమీద దూలముండును, ప్రక్కన గాటిపాటనుండి ఎద్దుల గంటలు వినవచ్చును. ఇవన్నియు ఒక్కమారుగా నుండుటయే ఇల్లు. ముక్కలు ముక్కలుగా చూపినచో గోడలే మిగులును.

అట్లు మేము ఈ గోళచిత్రముల కెమెరా జోలికి పోయితిమి. చదువరులలో ననేకులు దీనిని పెండ్లిండ్లలో చూచియుందురు. ఒక సన్నని కఱ్ఱ చివర చాకొలెట్టు కడ్డీవంటి చిన్నయంత్రము. ముందొక కటకము, వెనుకొక కటకము. ఒక్కొక్కటి తనవైపు సగము ప్రపంచమునకు మించి చూచును. రెండు చిత్రములను అంచులు కలిపి కుట్టగా పైనా క్రిందా నలుదిక్కులా గల సంపూర్ణ గోళమొకటి యేర్పడును. చూచువారు వ్రేలితో త్రిప్పియో, ఫోనుపట్టుకొని తామే తిరిగియో, కోరినవైపు చూడవచ్చును. కోరిక క్రొత్తది కాదు. రాబర్టు బార్కరు అను నాతడు 1787లోనే ఇట్టి చుట్టుచిత్రమునకు పేటెంటు పొంది, 1793లో లండనులో గుండ్రని మందిరము తెఱచి, లోనిగోడయెల్ల చిత్రింపించి జనులను నడుమ నిలువబెట్టెను. మనకు కావలసినది ఆ నడుమ నిలుచుండుటయే.

కొనుటకు పోయినప్పుడు మొదట మమ్ము మోసపుచ్చినది అంకెలు. దుకాణములోని పిల్లవాడు ‘ఐదు పాయింటు ఏడు కే’ యనియు ‘ఎనిమిది కే’ యనియు వల్లించుచుండెను. ఆ అంకె చుట్టును గల ప్రపంచమంతటికి సంబంధించినది. మనము ఒక్కసారి చూచునది అందులో నాలుగవ వంతు మాత్రమే. ఐదు పాయింటు ఏడు కే యనగా చిత్రము అడ్డమున 5,760 చుక్కలు. దానిని నాలుగు దిక్కులకు పంచినచో కంటి ఎదుట నిలుచునవి 1,440. ఎనిమిది కే కెమెరాలో 7,680; కంటికి దక్కునవి 1,920. ఒక్క దోసె పిండిని నాలుగు పెనములపై పఱచినట్లు. నేటి మంచి ఫోనులు వీడియో తీయునప్పుడు ఒక్క దిక్కుకే 3,840 చుక్కలిచ్చును. కావున గోళచిత్రము ఫోను ఫోటోవలె నిగనిగలాడదని ముందుగనే మనసు సిద్ధపఱచుకొనవలయును. లేనిచో ఇంటికి వచ్చిన పిదప పెద్ద రచ్చయగును. మాయింట నైనది.

రెండవది, తీయదలచినది నిలుకడ ఫోటోయా, నడచు వీడియోయా అని ముందు తేల్చుకొనవలయును. రికో వారు తీటా యను పేర ఇంటివాడుకకు తగిన ఇట్టి కెమెరాను 2013లోనే తెచ్చిరి. 2019లో వచ్చిన వారి తీటా జడ్1లో వెలుగును పట్టు ఫలక మొక అంగుళపుది, ఇతరముల కంటె పెద్దది. చీకటిగదుల ఫోటోలకు అది మంచిదని పేరు. కాని దాని బ్యాటరీ మార్చుటకు రాదు, కార్డు వేయుటకు చోటు లేదు. 2022 నాటి తీటా ఎక్స్‌లో ఆ రెండు సదుపాయములు కలవు. గోప్రో మ్యాక్స్ 2019లో వచ్చినది, ముఖ్యముగా కదలుచు వీడియో తీయువారిది. ఇన్‌స్టా360 వారి ఎక్స్4 అనునది 2024లో ఎనిమిది కే వీడియోతో వచ్చినది. మరుసటి యేట వచ్చిన ఎక్స్5లో కటకము గీతలుపడినచో మనమే మార్చుకొనవచ్చును. ఇది చిన్నసంగతి యని తలంపకుడు. ఈ కెమెరాల కటకములు గ్రుడ్డువలె రెండువైపుల ఉబ్బియుండును. బల్లపై ఎట్లు పెట్టినను ఒక కన్ను బల్లకు రాచుకొనును. పాత కెమెరాను చవుకగా కొనువారు దాని కటకములను వెలుతురులో చూచుటయే గాక, దానికి కావలసిన ఆప్ తమ ఫోనులో నేడును పనిచేయుచున్నదో లేదో చూచుకొని మఱి డబ్బు చెల్లింపవలయును.

మేమేది కొంటిమో చెప్పము. చెప్పినచో ప్రకటన వలె నుండును.

మదనపల్లెలో రాత్రి బసచేసి మరునాడుదయము గుఱ్ఱంకొండ మీదుగా బయలుదేరితిమి. గుఱ్ఱంకొండ నెఱుగనివారుండరు. ఒంటరిగా నిలిచిన రాతికొండ, దానిపై కోట, క్రింద రంగిన్ మహలు. యంత్రమును పరీక్షింపదలచి అచ్చట దిగితిమి. ఆడబిడ్డ కెమెరాను కఱ్ఱకు తగిలించి నిలువబెట్టి, అలవాటుచొప్పున దాని వెనుకకు వెళ్లి నిలుచుండెను. వెనుక యనునది లేదు గదా! మొదటి పది ఫోటోలలోను కొండ ఒకవైపు, కొంగు నడుమునకు చెక్కి ఫోను నొక్కుచున్న మా ఆడబిడ్డ ఒకవైపు. కఱ్ఱ మాత్రము కనబడలేదు. అది రెండు కటకముల నడుమ సందులో నుండుటచే కుట్టులో కలిసిపోవును. మనుష్యులు అట్లు కలిసిపోరు. దూరముగా గోడచాటునకు పోయి ఫోనుతో నొక్కవలయును.

పెద్దమండ్యము చేరునప్పటికి పదిగంటలైనది. ఇల్లు మేమనుకొన్నదానికంటె చిన్నది. రాతిగోడలు, మట్టికప్పు, పడసాల నడినెత్తిన గవాక్షి, అందుండి నేలమీద పడు పళ్లెమంత వెలుతురు. ఆ వెలుతురు చూచుటకెంత అందమో ఫోటోకంత శత్రువు. దానివైపున్న కటకమునకు కన్నులు మిఱుమిట్లు గొన్నవి, రెండవదానికి చీకటి. రెండును కలిసిన చోట పడసాల నడుమ నిలువుగీత పడి, ఒకే గది రెండిండ్లవలె కానవచ్చెను. అప్పుడు కెమెరాను ప్రక్కకు త్రిప్పి గవాక్షి వెలుగు రెండు కన్నులకును సమానముగా తగులునట్లు పెట్టి, ఒకే దృశ్యమును తక్కువ వెలుగుతోను, నడిమి వెలుగుతోను, ఎక్కువ వెలుగుతోను వరుసగా తీసి కలుపు ఏర్పాటును వాడితిమి. దీనికి హెచ్.డి.ఆర్. అని పేరు. స్టాండు కదలరాదు, గదిలో ఎవ్వరును కదలరాదు. ఒక కోడిపెట్ట మాట వినలేదు. దానికి మూడు తలలు వచ్చినవి.

తరువాతి కష్టము తలవాకిలి. అత్తగారు ముఖ్యముగా అడిగినది దానినే. పండుగలకు తల్లి పసుపు పూసిన ద్వారబంధమట. దాని ప్రక్కనే రెండడుగుల దూరములో స్టాండు పెట్టి తీసితిమి. చూచుకొనగా ద్వారబంధము నడుమ విఱిగి, పైసగము ఒకచోట, క్రిందిసగము బెత్తెడు దూరమున ఇంకొకచోట! ఇల్లు పడగొట్టకముందే మేమే పడగొట్టినట్లయ్యెను. కారణము తెలిసికొంటిమి. రెండు కటకములును వేర్వేఱు చోట్లనుండి చూచును. దూరపు వస్తువులకు ఆ భేదము లెక్కకు రాదు. దగ్గఱి వస్తువు కుట్టుపై పడినచో అతుకు కుదరదు. కావున దగ్గఱనున్నది ఎల్లప్పుడును కటకమునకు ఎదురుగా నుండవలయును. కెమెరా సన్నని ప్రక్కలు ఖాళీచోటువైపు నుండవలయును. ఇఱుకు నడవలో గోడలే దగ్గఱివి గనుక కటకములు గోడలకెదురుగాను, కుట్టు నడవ పొడవున పోవునట్లును పెట్టవలయును. మనము సహజముగా చేయుదాని కిది తలక్రిందు. ద్వారబంధమును మరల మూడడుగుల దూరమునుండి ఎదురుగా తీయగా నిండుగా నిలిచినది.

పెరటిలో తీయుచుండగా ప్రక్కయింటి ప్రహరీ మీదుగా ఒకామె తొంగిచూచి, ‘ఏమక్కా, మేము గూడా పడినామా దాంట్లో?’ అని అడిగెను. ఆమె చిన్నబిడ్డకు తలంటుచున్నది. పైట సవరించుకొనలేదు. మేము ప్రహరీవైపు చూడనే లేదు. మా మనసంతయు బావిగట్టుపై నుండెను. ఫోనులో త్రిప్పి చూడగా ఆమెయు, బిడ్డయు, తీగెమీది బట్టలును స్పష్టముగా నున్నవి. ‘పడినారమ్మా’ అని చూపి, ఆమె ఎదుటనే చెరిపివేసి, నీళ్లుపోయుట ముగియువఱకు అరుగుమీద కూర్చుంటిమి.

ఈ సంగతి మమ్ము చాల ఆలోచింపజేసినది. మామూలు కెమెరా ఎవరివైపు తిరిగినదో అందఱికిని తెలియును. ఇష్టము లేనివారు తప్పుకొందురు. దీనికి ముఖమే లేదు. లాలా దీనదయాళుగారు 1892లో హైదరాబాదున ఘోషాస్త్రీలకొఱకు ప్రత్యేకముగా ఫోటో స్టూడియో నెలకొల్పి, అందు ఫోటోలు తీయుటకు ఒక ఆంగ్లేయ స్త్రీని నియమించిరి. అచ్చట తెర వేసి అక్కఱలేనివారిని బయట నుంచిరి. ఈ యంత్రమునకు తెర వేయుట యుండదు గనుక, నొక్కకముందు నాలుగువైపుల వారికిని చెప్పుట మనపని. మనుష్యులే కాదు, గోడకు వ్రాసిన ఫోను నంబర్లు, గూటిలోని బ్యాంకు పుస్తకము, తాళపుచెవులు వ్రేలాడు మేకు, ఇవన్నియు పెద్దవి చేసినచో కనబడును. ఊరివారందఱు చూచుచోట పెట్టదలచినవారు ముఖములు మసకచేసి పెట్టవలయును. గూగులు వారు వీథులచిత్రములలో ముఖములను, వాహనముల నంబర్లను మసకచేయుచున్నారు గదా. మేమైతే ఎక్కడను పెట్టలేదు.

మధ్యాహ్నము వీధినుండి పెరటివఱకు నడచుచు వీడియో తీసితిమి. యంత్రము కుదుపులను చాలవఱకు సర్దుకొన్నది. అయినను గోళవీడియోలో నడక, చూచువారికి కడుపులో త్రిప్పును. కూర్చున్న మనిషిని లోకమంతయు మోసికొనిపోయినట్లుండును. వృద్ధులకు పనికిరాదని విడిచి, కెమెరాను గాటిపాటివద్ద నిలిపి కదల్చక రెండు నిమిషములు తీసితిమి. ఎద్దులు మేత నమలుట, పిచ్చుకల కిచకిచ, దూరముగా ట్రాక్టరు. అదియే బాగున్నది. ఎనిమిది కే వీడియో సెకనునకు 200 మెగాబిట్ల చొప్పున వ్రాయుచుండగా నిమిషమునకు ఒకటిన్నర గిగాబైట్లు పట్టును. కావున వేగముగల కార్డు వేయవలయును. దానిపై వీ30 అను గుర్తు చూచుకొనవలయును. ఎండలో నిలుకడగా పెట్టినచో గాలి తగులక కెమెరా వేడెక్కి ఆగిపోవును. మాదియు ఒకమాఱు ఆగినది. తడిగుడ్డ కప్పవచ్చునని ఆడబిడ్డ అన్నది. నీడకు తెచ్చుకొనుటయే మంచిదని మానిపించితిమి.

ఇక మిగిలినది వంటయిల్లు. అది ఎంత ఇఱుకనగా, కఱ్ఱస్టాండు మూడు కాళ్లును చాపుటకు చోటు లేదు. పొయ్యికెదురుగా పాత రోలొకటి యుండెను. దానిపై ఒక గోనెసంచి మడత పఱచి, జానెడు చిన్నస్టాండు నిలిపి, ఒక్కటే ఫోటో తీసి బయటికి వచ్చితిమి. ప్రొద్దు వాలుచున్నది, ఇతరములన్నియు ఐదడుగుల ఎత్తున, మనిషి కన్నులకు సరిగా తీసితిమి, ఇది సరిపడలేదు గదా యని కొంత చిన్నబుచ్చుకొంటిమి.

మరునాడు కదిరివైపు మళ్లి తిమ్మమ్మ మఱ్ఱిమానును చూచి పోయితిమి. దారి ఎక్కువైనది గాని చింత లేదు. సుమారు ఐదెకరముల నీడగల ఆ చెట్టు 1989లో గిన్నిసు పుస్తకమున కెక్కినది. దూరమునుండి ఫోటో తీసినచో అడవివలె నుండును, చెట్టని ఎవ్వరును నమ్మరు. ఊడల నడుమ గోళచిత్రము తీయగా, ఎటు తిరిగినను ఒకే చెట్టు. ఈ యంత్రమునకు తగిన చోటు దొరకినదని మేమిద్దఱమును సంతోషించితిమి. చెట్టుక్రింద గుడి ముంగిట పూజ జరుగుచుండగా మాత్రము కెమెరాను సంచిలో పెట్టితిమి.

ఇల్లు చేరకముందే మా పిల్లవాడు తొందరపడి రెండు ఫోటోలను వాట్సప్పులో బంధువులకు పంపెను. అవి కుదించుకుపోయి, ముడుతలుపడిన చాపవలె సాగదీసిన బద్దలుగా చేరినవి. గోళచిత్రము పైకి రెండింతల వెడల్పుగల బద్దయే. ఇది గోళమని చెప్పు గుఱుతు దానిలోపల దాగియుండును. ఫోటోగా పంపినప్పుడు ఆ గుఱుతు రాలిపోవును. డాక్యుమెంటుగా పంపినచో నిలుచును. ఈ సంగతి తెలియక ఒక పెద్దాయన, ఇల్లు అంత వంకరగా నున్నప్పుడు పడగొట్టుటయే మేలని ఫోనులో చెప్పిరి.

అత్తగారికి కన్నులకు కట్టుకొను పెట్టె వలదనుకొంటిమి. లోకము మూసికొనిపోయినచో వారు తూలుదురేమో యని భయము. పెద్ద టాబ్లెట్టు వారి చేతికిచ్చి, తిరుగుడు కుర్చీలో కూర్చుండబెట్టి, ఆడబిడ్డ వెనుక పట్టుకొని మెల్లగా త్రిప్పెను. తలవాకిలి చూచిరి. పడసాల చూచి దూలముల నెంచిరి. ‘కప్పు ఇంత క్రిందికి దిగినదేమి? మా నాయన కట్టించినది ఇది కాదే’ అనిరి. కప్పు దిగలేదు. వారు ఆ దూలములను చిన్నపిల్లగా క్రిందినుండి చూచినవారు. మేము ఐదడుగుల ఎత్తునుండి చూపితిమి. ఈ బుద్ధి మాకక్కడ తోచకపోయెను. మూడడుగుల ఎత్తున ఇంకొకటి తీసియుంటిమేని ఎంత బాగుండెడిది!

అంత వంటయింటి ఫోటో వచ్చినది. మేము చిన్నబుచ్చుకొన్నది. అత్తగారు మాటలాడలేదు. కుర్చీ త్రిప్పవలదని చేయెత్తి, తామే నెమ్మదిగా కాలితో నేలను తన్నుకొనుచు తిరిగిరి. పొయ్యి. ఊదుగొట్టము. ఉప్పుకుండ పెట్టెడి గూడు. పైన మసిపట్టిన దంతెలు. పీటమీద కూర్చున్న ఆడుదాని కంటికి ఏ యెత్తున కనబడునో ఆ యెత్తుననే అన్నియు నున్నవి. ‘ఇదిగో, ఇక్కడ కూర్చుండెడి దాన్ని’ అనిరి. మఱల ఒక చుట్టు తిరిగిరి. మూడవమాఱు తిరిగి, క్రిందికి వంచి చూచి, ‘రోలేదీ?’ అని అడిగిరి.

ఇల్లంతయు చూచు యంత్రము తన కాళ్లక్రిందిదానిని మాత్రము చూడలేదు. దానిపైన మేము గోనె పఱచితిమి. క్రింద నల్లని మసక తప్ప ఏమియు లేదు. ‘మా అమ్మ రోలు. నేను పుట్టకముందునుండి యున్నది. అమ్మివేసినారా?’ అని వారి గొంతు వణకెను. ఉన్నదని, కెమెరా దానిమీదనే కూర్చున్నదని ఇద్దఱమును ఒక్కసారిగా చెప్పితిమి. నమ్మలేదు. పెద్దమండ్యమునకు ఫోను చేసి, మనుమనిచేత గోనె తీయించి రోలును చూపింపగా నమ్మిరి. పిమ్మట ఆతనితో తామే మాటలాడి, ఇంటిలో తమకేమియు వద్దని, రోలొక్కటి పంపుమని కోరిరి.

సంక్రాంతికి ముందే అది టమోటాల లారీలో బెంగుళూరు వచ్చి చేరినది. ప్రస్తుతము మా అపార్టుమెంటు క్రింద కావలివాని గదిప్రక్కన నున్నది. లిఫ్టులో ఎక్కింపరాదని సంఘమువారు చెప్పుచున్నారు. మెట్లమీద మోయుటకు నలుగురు మనుష్యులు కావలయునట. అత్తగారు దినమునకు రెండుమాఱులు అడుగుచున్నారు.